అడవిలో నీళ్ళ మాట

నా సంచి నన్ను సర్దుకోనివ్వలేదు ఒదీలియా. నేను లోపల పెట్టినవన్నీ ఒక్కొక్కటే బయటికి తీసి మంచం మీద పరిచింది. కొవ్వొత్తులు, జ్వరం మాత్రలు, దెబ్బల నూనె సీసా, సంత్ ఒనోఫ్రె పటం, ఒక దుప్పటి, ఇంకో దుప్పటి, వంటగది గోడకు అంటించిన పాత పేపర్లలోంచి నేను ఊడబీకి దాచుకున్న కాగితాల కట్ట.

"అమ్మా, మనం అడవికి వెళ్ళొస్తున్నాం. ఇల్లు ఖాళీ చేసి పోవడం లేదు," అంది.

"రెండో దుప్పటి నీకు."

"ఏప్రిల్ ఎండల్లో రెండో దుప్పటా?"

"తెల్లవారుజామున చలేస్తుంది. మీ నాన్నకి వేసేది."

ఒదీలియా దుప్పటి మడిచి మళ్ళీ సంచిలో పెట్టింది. కాగితాల కట్ట మాత్రం అలమర మీదకి విసిరేసింది. అక్షరాలు నేను ఆ గోడ మీదే నేర్చుకున్నాను, రొట్టెలు కాలుస్తూ, పొయ్యికి ఎదురుగా. చదవడానికి ఏదీ లేకపోతే నా బుర్ర చెడ్డ ఆలోచనలు చేస్తుంది. తను కంచరగాడిదల దగ్గరికి వెళ్ళగానే కట్ట తీసి దుప్పటి మడతలో దోపాను.

నా భర్త లిసాండ్రో నవంబరులో పోయాడు. మా ఊరు సాన్ ఒనోఫ్రె దగ్గర మట్టిరోడ్డు ఆగిపోతుంది, ఆ తరవాత అంతా అడవే. అడవి మధ్యలో పాత నగరం ఉంది. దాన్ని చూడాలని దేశదేశాల వాళ్ళు వీపున సంచులేసుకుని మా ఊరికి వస్తారు. వాళ్ళని తీసుకెళ్ళే ఇళ్ళకి వంతులున్నాయి. వంతు మనిషిది కాదు, ఇంటిది. ఇంట్లో దారి చూపే మనిషి పోతే తొలి వానల వరకూ ఆ వంతు ఎవరూ ముట్టుకోరు. ఈలోగా ఆ ఇంటి మనిషి ఎవరో ఒకరు ఒక్కసారైనా జనాన్ని పాత నగరం దాకా తీసుకెళ్ళి క్షేమంగా తీసుకురావాలి. తీసుకురాలేకపోతే వంతు పక్కింటికి పోతుంది. మా తరవాతి ఇల్లు ఎవెలియోది. వాడికి ఎదిగిన కొడుకులున్నారు, ఒక్క వంతు చాలడం లేదు.

వంతు పోతే ఒదీలియా సాంతా ఎలేనా పట్నం వెళ్ళి హోటల్లో దుప్పట్లు ఉతుకుతానని చెప్పేసింది. అక్కడ మాట్లాడుకుని కూడా వచ్చింది. పట్నం వెళ్ళినవాళ్ళు ఏడాదికోసారి వస్తామంటారు. తరవాత కబురు పంపుతారు. ఆ తరవాత కబురు కూడా రాదు. లారీ మలుపు తిరిగే చోట నిలబడి చెయ్యి ఊపడం నాకు బాగా అలవాటైన పని. ఇంకోసారి ఊపే ఓపిక నాలో లేదు.

వాళ్ళ నాన్నతో వంటమనిషిగా చాలాసార్లు వెళ్ళింది కాబట్టి ఒదీలియాకి దారి తెలుసు. ఇప్పుడు తనే దారి చూపుతుందంటే వంటకి ఎవరూ రాలేదు. "ఆడది ముందు, ఆడది వెనక. మధ్యలో నడిచేవాళ్ళకి భయం వెయ్యదూ?" అంది ఎవెలియో పెళ్ళాం, కుళాయి దగ్గర అందరూ వినేలా. ఇక మిగిలింది నేను. వయసులో ఉండగా నేను చిక్లె శిబిరాల్లో వండినదాన్నే. వానాకాలంలో చెట్లెక్కి, నమిలే గమ్ముకి వాడే చిక్లె పాలు గీసే మగవాళ్ళకి, చిక్లేరోలకి, రొట్టెలు కాల్చి పెట్టాను. కానీ అడవిలో కాలు పెట్టి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదు.

నా తమ్ముడు చెందో గాడిదలకి తాళ్ళు బిగిస్తూ నన్ను చూశాడు.

"అక్కా, పటంలో ఉన్న సంతుని కూడా నడిపిస్తున్నావా, ఆయన్ని గాడిద మీద ఎక్కించమంటావా?"

"నీకన్నా ఆయన తేలికరా. ఎక్కించు."

"గాడిదని అడగాలి," అన్నాడు చెందో. "అది నాస్తికురాలు."

ఆ తడవ వచ్చినవాళ్ళు ఇద్దరే. అర్జెంటీనా అమ్మాయి రెనాటా, హాలెండ్ మనిషి యోస్ట్. రెనాటా మెక్సికో నుంచి పనామా దాకా ఒంటరిగా తిరుగుతోంది. ఆమె మాట్లాడేది మా స్పానిషే అయినా పాట సాగదీసినట్టుండేది. చెందో రోజంతా దాన్ని అనుకరిస్తూ నడిచాడు, ఆమె నవ్వుతూ నడిచింది. యోస్ట్ మా గుమ్మాల్లో పట్టేవాడు కాదు. ఆయన సంచిలో లేనిది లేదు. చిన్న పొయ్యి, మడతకుర్చీ, ఎలాంటి నీళ్ళనయినా శుభ్రం చేస్తుందని చెప్పిన ఒక గొట్టం. సంచి గాడిద మీద పెట్టమంటే ఇద్దరూ ఒప్పుకోలేదు.

"మోయడానికే వచ్చాం దోన్యా ఫెలిసా," అంది రెనాటా నాతో, పెద్దావిడని పిలిచే గౌరవంతో.

మోయడానికి డబ్బిచ్చి వచ్చేవాళ్ళని ఆ రోజే చూశాను.

మొదటి మజిలీకి ఇంకా సగం దారి ఉందనగా ఎవెలియో తన జనంతో పాత నగరం నుంచి తిరిగొస్తూ ఎదురయ్యాడు. చెందో గాడిదలతో అప్పటికే ముందుకెళ్ళిపోయాడు. ఎవెలియో నన్ను చూసి దారి మధ్యలో ఆగాడు.

"ఏం పిన్నీ, ఇంట్లో పొయ్యి ఆర్పి వచ్చావా?"

"ఆర్పే వచ్చాను. నీ ఇంటి పొయ్యి చూసుకో."

"చూసుకుంటూనే ఉన్నాను. వానలు పడితే ఇంకో పొయ్యి వెయ్యాలనుకుంటున్నా." వాడు ఒదీలియా వైపు తిరిగాడు. "దారి తప్పితే గట్టిగా అరువు పిల్లా. నా గాడిదలు నీ గొంతు గుర్తుపడతాయి."

"పడతాయి. నీ ఇంట్లో తెలివైనవి అవే కదా," అంది ఒదీలియా.

వాడి వెనకున్న జనం నవ్వారు. వాడూ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే అడగాల్సింది ఇంకా అడగలేదు.

"నీళ్ళు?" అన్నాను.

ఎవెలియో టోపీ తీశాడు. వాడి మొహంలో ఎగతాళి పోయింది.

"రెండో మజిలీ గుంటలో నిన్న పొద్దున ఉన్నాయి. తక్కువే, కానీ ఉన్నాయి. నగరం దగ్గర కాపలావాళ్ళ తొట్టిలో మోకాటి లోతు ఉన్నాయి."

"నీ మోకాలా, నా మోకాలా?"

"నాదే పిన్నీ. నీకయితే ఇంకాస్త పైకి."

వాడు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మా ఊరి అడవిమనుషులు అన్నిటికీ అబద్ధమాడతారు. పాలున్న చెట్టు ఎక్కడుందో చెప్పరు, ఎంత గీశారో చెప్పరు, రాత్రి ఎక్కడున్నారో అసలే చెప్పరు. నీళ్ళ గురించి మాత్రం ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పరు. కత్తులు దూసుకున్నవాళ్ళు కూడా ఎదురుపడితే ఏ గుంటలో ఎన్ని నీళ్ళున్నాయో చెప్పుకుని, ఆ తరవాతే తిట్టుకుంటారు. అలాగే అడవిలోకి వెళ్ళాక నీళ్ళు వంటమనిషివి. మేస్త్రీ అయినా, దారి చూపేవాడయినా, వంటమనిషి చిప్పతో కొలిచి పోస్తేనే తాగాలి. నేను చిక్లె శిబిరాల్లో ఉన్నప్పుడు అలాగే ఉండేది, ఇప్పుడూ అంతే.

మొదటి మజిలీలో గుంట బాగానే ఉంది. మర్నాడు పొద్దున పీపాలు నింపమన్నాను. చెందో ఒకటి నింపి మిగతావి ఖాళీగా కట్టాడు.

"అన్నీ నింపరా."

"అక్కా, గాడిద నడుం నీదా? ఇవాళ సాయంత్రం ఇంకో గుంట ఉంది. నిండు పీపాలతో నడిచేవాణ్ణి చూస్తే చిక్లేరోలు నవ్వుతారు."

చిక్లె గీసేది వానల్లో. వానల్లో గుంటలన్నీ పొంగుతుంటాయి. నిండు పీపా మోసేవాడు పిరికివాడనే మాట అక్కణ్ణుంచి పుట్టింది. చెందో వయసంతా ఆ వానల్లోనే గడిచింది. ఎండాకాలంలో నడిచేటప్పుడు కూడా వాడి తలలో వాన కురుస్తూనే ఉండేది. నేను ఇంకోసారి చెప్పాను. వాడు రెనాటా గొంతుతో నా మాటే సాగదీసి పాడాడు. అందరూ నవ్వారు, బయల్దేరాం.

ఆ రోజు ఎండ చెట్ల పైనుంచి కాదు, నేలలోంచి వచ్చినట్టుంది. వానాకాలంలో తొడలదాకా దిగబడే బురద ఇప్పుడు రాయిలా గట్టిపడి, గాడిదల పాత అడుగులు గుంతలుగా మిగిలాయి. ప్రతి గుంతలోనూ కాలు మడతపడేది. యోస్ట్ ప్రతి తీగకీ తల వంచుతూ నడిచాడు, ఆయన దణ్ణాలు పెడుతూ పోతున్నాడని చెందో అన్నాడు. నేను మాత్రం వెనక నుంచి ఒదీలియా మడమలనే చూస్తూ నడిచాను. వాళ్ళ నాన్న నడకే అది, ఎడమ కాలు కాస్త బయటికి పడుతుంది.

రెండో మజిలీ చేరేసరికి గాడిదలు ఆగిపోయాయి. చెందో అరిచినా కదల్లేదు. ముందుకెళ్ళి చూశాం.

గుంటలో నీళ్ళు లేవు. నల్లటి బురద, దాని మధ్యలో చచ్చిన తాబేలు చిప్ప. యోస్ట్ తన సంచి దించి నీళ్ళు శుభ్రం చేసే గొట్టం బయటికి తీశాడు. బురదని చూశాడు, గొట్టాన్ని చూశాడు, మళ్ళీ లోపల పెట్టేశాడు.

చెందో ఉమ్మేశాడు. "ఎవెలియో గుంటలో ఉన్నాయన్నాడా? ఏవీ? అబద్ధమాడాడు. తొట్టిలో ఉన్నాయన్నది కూడా అదే. మనం నడి అడవిలో నాలుక బయటపెట్టి పడుంటే వాడికి వంతు దక్కుతుంది."

ఒదీలియా రెనాటానీ యోస్ట్‌నీ కూర్చోబెట్టి ఉన్న సంగతి దాచకుండా చెప్పింది. ఒక పీపాలో సగం నీళ్ళున్నాయి. వెనక్కి వెళ్తే రేపు సాయంత్రానికి మొదటి గుంట, అక్కడ నీళ్ళు ఖాయం. ముందుకు వెళ్తే రేపు సాయంత్రానికి పాత నగరం. అక్కడ తొట్టిలో నీళ్ళుంటే సరే. లేకపోతే ఆ కాపలావాళ్ళు కూడా మనతో పాటే.

"మెక్సికో నుంచి ఇంతదాకా నేను ఎక్కడా వెనక్కి తిరగలేదు," అంది రెనాటా.

"మెక్సికో నుంచి బస్సులో వచ్చావు," అన్నాడు యోస్ట్ తన ముక్కల స్పానిష్‌లో. "బస్సు తిరగదు."

ఆమె నవ్వబోయి ఆగింది. వాళ్ళకి అది ఒక ప్రయాణం. వెనక్కి వెళ్ళినా ఇంకో దేశం ఉంది, ఇంకో అడవి ఉంది. మాకు వానల ముందు ఇదే చివరిది. ఇంకో జనం మా వంతుకి వచ్చేలోపు మబ్బులు వచ్చేస్తాయి.

"నువ్వేమంటావు ఒదీలియా?" అన్నాడు చెందో.

ఒదీలియా నా వైపు చూడకుండా చెప్పింది. "దారి నాది మావయ్యా. నీళ్ళు అమ్మవి."

అందరూ నా వైపు తిరిగారు. చెందో అప్పటికే తాళ్ళు సవరించడం మొదలుపెట్టాడు, వెనక్కి వెళ్ళడానికే. నా జవాబు వాడికి తెలుసు. పుట్టినప్పటి నుంచి నన్ను చూస్తున్నాడు. నేను ఎవరితోనూ వెళ్ళు అన్నదాన్ని కాదు. ఆగు అన్నాను, రేపు వెళ్ళు అన్నాను, జాగ్రత్త అన్నాను.

నేను గుంటలోకి దిగాను. మోకాళ్ళ మీద కూర్చుని బురదలో మోచేతిదాకా చెయ్యి పెట్టాను. లోపల చల్లగా, మెత్తగా ఉంది. అంచులు పట్టుకుని చుట్టూ తిరిగాను. ఎక్కడ చూసినా పందుల గిట్టలు, ఒకదాని మీద ఒకటి. గిట్టల గుంతల్లో ఇంకా తడి మెరుస్తోంది. అవి పొర్లిన చోట పొట్ట ఆకారం కూడా అలాగే ఉంది. చెయ్యి వాసన చూశాను. అడవిపంది వాసన సబ్బుతో కడిగినా పోదు.

"పెద్ద మంద," అన్నాను. "నిన్న సాయంత్రం వచ్చాయి, లేదా ఈ పొద్దున. ఎవెలియో చూసినప్పుడు నీళ్ళు ఉన్నాయి."

"అయితే?" అన్నాడు చెందో.

"అయితే తొట్టిలోనూ ఉన్నాయి."

"అక్కా, మన వంతు పోతే తినేది వాడే. వాడి మాట పట్టుకుని ఈ పరాయి పిల్లని, ఈ పొడుగాయన్ని..."

"వంతు కోసం వాడు ఏమైనా చేస్తాడు. నీళ్ళ గురించి అబద్ధమాడడు. నువ్వు ఆడతావా?"

చెందో చేతిలోని తాళ్ళు వదిలేశాడు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే, రెనాటాకి వినిపిస్తుందేమోనని చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆ చెయ్యి నిండా బురద.

"గాడిదలు మనందరికన్నా ఎక్కువ తాగుతాయి," అన్నాను. "వాటిని తీసుకుని నువ్వు ఇప్పుడే వెనక్కి పో. ఎండ తగ్గింది, అవి నడుస్తాయి. పీపాలు నింపుకుని ఇక్కడికి రా. మేం తిరిగొచ్చేసరికి ఇక్కడుండాలి."

"సామాను?"

"మోస్తాం."

"నువ్వు?"

"నేనూ మోస్తాను."

ఎవరూ నవ్వలేదు. చెందో టోపీ తిప్పి తిప్పి పెట్టుకున్నాడు. "నిన్ను ఇలా వదిలేసి పోయానని తెలిస్తే అమ్మ సమాధిలోంచి లేచి తంతుంది."

"పీపాలు మళ్ళీ ఖాళీగా కడితే నేనే తంతాను. నిండా నింపు. నవ్వేవాళ్ళని నవ్వనీ."

వాడు గాడిదలని తిప్పుకుని వెళ్ళాడు. చెట్ల మధ్య వాటి గంటల చప్పుడు ఆగిపోయేదాకా ఒదీలియా వింది. తరవాత వచ్చి నా పక్కన కూర్చుని, నా చెయ్యి తీసుకుని ఆకులతో తుడిచింది.

మర్నాడు తెల్లవారగానే సామాను విడదీశాం. పప్పులు, గిన్నెలు, రోలు చెట్టు కింద పెట్టాం. వేయించిన మొక్కజొన్న పిండి మాత్రం తీసుకున్నాం, అది ఒక్క గుక్క నీళ్ళతో కడుపు నింపుతుంది. యోస్ట్ మడతకుర్చీని ఒక కొమ్మకి తగిలించి దానికి వీడ్కోలు చెప్పాడు. పీపాలోంచి వంపుకున్న నీళ్ళ డబ్బాలు నేనే పంచాను, ఎవరు ఎంత మొయ్యాలో. రెనాటా తన సంచిలోంచి బట్టలు తీసేసి, ఖాళీ చేసిన చిన్న సంచి నా వీపున తగిలించింది.

"భుజాల మీద కాదు దోన్యా. ఈ పట్టీ నడుం మీద బిగించాలి. బరువు నడుం మొయ్యాలి."

"మా వాళ్ళు నుదుటితో మోస్తారు."

"ఒక్కసారి ఇలా మోసి చూడండి. నచ్చకపోతే నుదురు ఎక్కడికీ పోదు."

ఆమె పట్టీ బిగించింది. నిజమే, బరువు కిందికి దిగింది, మెడ తేలికపడింది. ఇన్నేళ్ళూ నుదుటి మీద తాడుతో కట్టెలు మోశాను, ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఒదీలియా నన్ను చూసి మొదటిసారి పళ్ళు కనిపించేలా నవ్వింది. "అమ్మా, ఇప్పుడు నువ్వు కూడా సంచి మనిషివే. పనామా వెళ్ళిపోతావా?"

ఆ రోజు నడిచినట్టు నేను ఎప్పుడూ నడవలేదు. నేను చిప్ప ఎత్తినప్పుడే తాగాలని చెప్పాను. రెనాటా మధ్యలో ఒకసారి అడిగింది, ఇవ్వలేదు. ఇంకోసారి అడిగింది, ఇవ్వలేదు. అప్పుడామె తనకి మాత్రమే తెలిసిన మాటలేవో అనేసి, రెండు అడుగులు వేశాక క్షమించమంది. "తిట్టుకో," అన్నాను. "తిడితే నోరు తడవదు కానీ కాళ్ళు నడుస్తాయి." ఒదీలియా ముందు కత్తితో దారి చేస్తూ నీళ్ళ తీగలు వెతికింది. దొరికిన చోట పైన ఒక వేటు, కింద ఒక వేటు వేసి ముక్కని పైకెత్తేది. ఒక్కొక్కరూ మెడ వెనక్కి వాల్చి చుక్కలు పట్టుకునేవారు. ఎండాకాలం చివర తీగలు కూడా పిసినారివే. యోస్ట్ గొట్టం సంచిలోనే ఉంది. ఆయన మాట్లాడటం మానేశాడు, కానీ నేను తూలినప్పుడల్లా ఎక్కణ్ణుంచో ఆ పొడుగు చెయ్యి వచ్చి నా మోచేయి పట్టుకునేది.

మధ్యాహ్నం తరవాత కోతులు పైనుంచి బొబ్బలు పెట్టాయి. అప్పుడే నాకు చెడ్డ ఆలోచనలు మొదలయ్యాయి. పందులు నిన్న వచ్చి ఉంటాయి, కానీ తొట్టి పగిలి ఉంటే? కాపలావాళ్ళు స్నానాలు చేసి ఉంటే? ఎవెలియో నిజమే చెప్పినా, నిజం మీద మొన్నటి నుంచి ఎండ కాసింది కదా? దుప్పటి మడతలో ఉన్న కాగితాలు గుర్తొచ్చాయి. కంఠస్థం వచ్చిన ఒక ముక్క, ఏదో పట్నంలో కుట్టుమిషన్ల అమ్మకం గురించి, అదే లోలోపల చదువుతూ నడిచాను. సులభ వాయిదాలు, సులభ వాయిదాలు.

ఎండ వాలుతుండగా చివరి డబ్బా తెరిచాను. నగరం ఇంకా కనిపించలేదు. ఆ నీళ్ళు నాలుగు చిప్పలుగా పోసేశాను.

"కొంచెం మిగుల్చు అమ్మా," అంది ఒదీలియా మెల్లగా.

"మిగిల్చి ఏం చేస్తాం. తాగు."

తను నా మొహం చూసింది. తాగింది.

కాపలావాళ్ళ గుడిసె దగ్గర మెలేసియో అనే ముసలాయన చిక్కుళ్ళు వలుస్తున్నాడు. లిసాండ్రోకి పాత స్నేహితుడు. నన్ను చూసి లేచి చేతులు చాచాడు. నేను ఆయన పక్కనుంచి నడిచి తొట్టి దగ్గరికి వెళ్ళాను. పైన కప్పిన రేకు జరిపాను. లోపల చీకట్లో నా మొహం కనిపించింది. ఒక కర్ర నిలువుగా దించి, తడిసినంత మేరకి నా కాలి పక్కన పెట్టి చూశాను. మోకాటికి ఇంకాస్త పైకి ఉంది.

ఒదీలియా వెనకే నిలబడి ఉంది. "అమ్మా?"

"ఉన్నాయి," అన్నాను. తొట్టికి ఆనుకుని కూర్చుండిపోయాను.

"ఎవెలియో చెప్పలేదా?" అన్నాడు మెలేసియో, చిక్కుళ్ళు చేతిలోనే పట్టుకుని.

"చెప్పాడు."

మర్నాడు పెద్ద గుట్ట ఎక్కాం. గుట్ట అంటాం కానీ అది పాత రాజులు రాయి మీద రాయి పేర్చిన కట్టడం, పైన చెట్లు మొలిచాయి. నేను కిందే కూర్చుంటానన్నాను. "ఇంతదాకా వచ్చి వంటమనిషి కిందుంటే దారి చూపినదానికి పేరు పోతుంది," అంది ఒదీలియా. యోస్ట్ ముందు, రెనాటా వెనక, మధ్యలో నేను. చెక్కమెట్ల మీద చేతులూ కాళ్ళూ వేసి ఎక్కాను. పైకి వచ్చేసరికి గాలి నా జుట్టు ముడి విప్పేసింది.

ఏ వైపు చూసినా చెట్ల తలలే. రోడ్డు లేదు, పొగ లేదు. మా నాన్న ఈ ఆకుపచ్చలోకే వెళ్ళాడు, నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు. నా పెద్దకొడుకు ఉత్తరపు సరిహద్దు దాటి మెక్సికో వైపు పోయింది ఇందులోంచే. లోపల్నుంచి చూసినప్పుడు అది ఎప్పుడూ తెరిచిన నోరులా ఉండేది. పైనుంచి చూస్తే చెట్లు. గాలికి ఊగే మామూలు చెట్లు, వాటి మధ్య నా కూతురు చేసుకుంటూ వచ్చిన దారి.

ఒదీలియా వాళ్ళిద్దరికీ ఏ వైపు ఏముందో చెప్పింది. వాళ్ళ నాన్న మాటలు కావు, తన మాటలు. తరవాత అరచేతులు నోటికి చేర్చి చిక్లేరో కేక వేసింది, చెట్టు చివరి నుంచి ఇంకో చెట్టు మీది వాణ్ణి పిలిచే కేక. కింద గుడిసె దగ్గర్నుంచి మెలేసియో బదులు పలికాడు. నేనూ వేశాను. నా గొంతులో అంత కేక ఇంకా ఉందని నాకు తెలియదు. అది చెట్ల మీదుగా చాలా దూరం వెళ్ళింది. రెనాటా ఏడుస్తూ నవ్వుతూ తన సాగదీసే గొంతుతో తనూ వేసింది. యోస్ట్‌కి కేక రాలేదు, దగ్గొచ్చింది.

తిరుగు దారిలో రెండో మజిలీ చేరేసరికి చెందో యోస్ట్ మడతకుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పక్కన పీపాలు మూతలదాకా నిండి ఉన్నాయి.

"తాగండి," అన్నాడు. "నవ్వడానికి చిక్లేరోలు ఎవరూ రాలేదు. గాడిదలు నవ్వాయి, వాటిని తన్నాను." తరవాత నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు, వీపు మీది సంచిని, నడుం మీది పట్టీని. టోపీ తీశాడు, ఎవెలియో తీసినట్టు.

మేం ఊరు చేరిన మర్నాడు మబ్బులు కమ్మాయి. ఆ సాయంత్రమే దారి చూపే ఇళ్ళవాళ్ళందరూ రేకుల షెడ్డులో కూడారు. వంతులు ఒక్కొక్క ఇంటి పేరుగా గట్టిగా పలికేది అక్కడే. పెద్దాయన అనాస్తాసియో పలకడం మొదలుపెట్టకముందే వెనక నుంచి ఎవరో లేచారు. గాడిదలు మధ్యలో వెనక్కి తిరిగిపోయాయి కాబట్టి జనం మొత్తం నగరం చేరినట్టు కాదనీ, వంతు చెల్లదనీ అన్నారు. షెడ్డులో గుసగుసలు. అనాస్తాసియో ఎవెలియో వైపు చూశాడు. "చెల్లకపోతే వంతు నీది. నువ్వేమంటావు?"

ఎవెలియో లేచాడు. వాడి కొడుకులు పక్కనే ఉన్నారు.

"గాడిదలకి మనం ఎప్పుడు వంతులిచ్చాం? మనుషులు వెళ్ళారు, మనుషులు వచ్చారు," అన్నాడు. "ఈవిడ నన్ను నీళ్ళడిగింది, నేను చెప్పాను. గుంట ఎండిపోయి కనిపించినా నా మాట నమ్మింది. ఇది చెల్లదంటే రేపు ఎదురైతే నేను ఎవరికి చెప్పను, నాకెవరు చెబుతారు?"

కూర్చున్నాడు. వాడి పెళ్ళాం పైట సర్దుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.

అనాస్తాసియో ఇళ్ళ పేర్లు పలకడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ లిసాండ్రో ఇల్లు అని పలికే చోటుకి వచ్చి ఒక్క క్షణం ఆగాడు.

"ఒదీలియా ఇల్లు," అన్నాడు.

ఒదీలియా నేల చూస్తూ కూర్చుంది. చెవులు ఎర్రబడ్డాయి. రేకుల మీద తొలి చినుకులు పడ్డాయి, తరవాత ఎవరి మాటా వినిపించనంత వాన. పట్నం హోటల్‌కి తను కబురు పంపలేదు. ఆ మర్నాడు కత్తికి సాన పెట్టించుకుంది.

వానలు స్థిరపడ్డాక ఒకరోజు చెందో గాడిదల తాళ్ళు తెచ్చి ఒదీలియా చేతిలో పెట్టాడు. లిసాండ్రో కాలు దెబ్బతిన్న ఏడాది నుంచి వాడు మా కోసమే చిక్లె మానేసి గాడిదలు తోలుతున్నాడు. ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు.

"ఇవి ఇక నీవి. నీకు నాతో పనిలేదు పిల్లా," అన్నాడు. "నేను మళ్ళీ చెట్టెక్కుతాను. నా మోకాళ్ళు నేల మీదే ముసలివయ్యాయి, చెట్టు మీద ఎలా ఉంటాయో చూడాలి."

"రేపు వెళ్ళరా," అన్నాను.

"రేపూ ఇదే అంటావక్కా."

నవ్వాడు. నేనూ నవ్వాను. తాడు భుజాన వేసుకుని, రెనాటా గొంతుతో నన్ను పిలుస్తూ, ఉత్తరపు శిబిరానికి వెళ్ళేవాళ్ళతో కలిసి వానలో వెళ్ళాడు. వాడు అంత కుర్రవాడిలా నడవడం చాలా ఏళ్ళ తరవాత చూశాను.

ఒదీలియా ఆ ఎండాకాలం తరవాత ప్రతి ఎండాకాలమూ పాత నగరానికి వెళ్ళింది, ప్రతిసారీ అందరినీ తీసుకుని తిరిగొచ్చింది. వంతు ఇప్పటికీ ఆ పేరు మీదే పలుకుతారు.

చెందోతో ఉత్తరపు శిబిరానికి వెళ్ళినవాళ్ళు వెళ్ళిన ఏడే అక్టోబరు చివర తిరిగొచ్చారు. చెందో వాళ్ళతో లేడు. నా తమ్ముడు రోసెందో, అందరూ చెందో అనేవాళ్ళు, ఆ జూలై రెండో వారంలో వెళ్ళాడు. తిరిగి రాలేదు.